పండక్కి కడిగిన తొట్టి

అరసవల్లిలో మా వీధి చివర టిఫిన్ బండి ఆయన సాంబారు కవరుకు వేసే ముడిని విప్పగలిగిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఇడ్లీ బాగుంటుంది. సాంబారు కూడా బాగుంటుందనే అనుకుంటున్నాను, నోటిదాకా వచ్చిన రోజులు తక్కువ. కవరు మూతిని మెలిపెట్టి రబ్బరు బ్యాండును ఎన్ని చుట్లు తిప్పుతాడో ఆయనకే తెలియాలి. చివరి చుట్టు ఎక్కడ దాక్కుంటుందో ఆయనకూ తెలియదు. కత్తెరతో కోస్తే సాంబారు చొక్కా మీదికి వస్తుంది, పళ్లతో కొరికితే మొహం మీదికి వస్తుంది. కాస్త వదులుగా కట్టకూడదా అని ఒకసారి మర్యాదగానే అడిగాను.

"కారిపోతే మల్లీ నన్నే తిడతారు కదేటి సార్," అన్నాడు.

మురికినీళ్లు కారిపోకుండా చూడడమే ఉద్యోగంగా పెట్టుకున్నవాణ్ణి. కవరు పట్టుకుని ఇంటికి వచ్చేశాను.

దసరా మర్నాడు పొద్దున్న ఆ ముడితో కుస్తీ పడుతుండగా ఫోను మోగింది. చేసింది ఫ్యాక్టరీలో నా కింద పనిచేసే ఆపరేటరు. అతని గొంతులో పండగ ఇంకా దిగలేదు.

"సార్, మన నీళ్లు తెల్లగొస్తన్నాయండి. పాల్లాగున్నాయి. మంచిదే కదేటండి?"

బాగుపడిన నీటికి రంగు ఉండదు. తెల్లగా ఉందంటే అందులో నూనె చితికి కలిసిపోయి ఉందని అర్థం. మంచిదో కాదో అతనికి చెప్పలేదు. బయటికి వెళ్లే వాల్వు మూసేయమని మాత్రం చెప్పి, ఇడ్లీ అక్కడే వదిలేసి స్కూటరు తీశాను.

మాది తవుడు నూనె ఫ్యాక్టరీ. శ్రీకాకుళానికీ విజయనగరానికీ మధ్య, హైవే దిగి కొంత దూరం వెళ్తే కనిపిస్తుంది. కనిపించకముందే వాసన వస్తుంది. చుట్టుపక్కల రైసుమిల్లుల తవుడంతా మాకు వస్తుంది. అందులోంచి నూనె తీస్తారు, తీసిన నూనెను శుద్ధి చేస్తారు. శుద్ధి చేసేటప్పుడు కడిగిన నీళ్లు నాకు వస్తాయి. సబ్బు, జిడ్డు, ఒక రకం పుల్లటి కంపు. నేను చదివింది కెమికల్ ఇంజనీరింగు. పెళ్లిచూపుల్లో అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే మా పెద్దనాన్న నీళ్ల శాఖ అని చెప్పాడు. అబద్ధమేమీ కాదు.

ఆ నీళ్లను బాగుచేసే పద్ధతి చెప్పడానికి సులువే. మొదటి తొట్టిలో పైకి తేలిన తెట్టును తీసేస్తాం. అలా పోయేది పోగా, నీళ్లలో నలిగి కలిసిపోయిన నూనె మిగులుతుంది. అది తేలదు, మునగదు. దానికోసం రెండో తొట్టిలో సూక్ష్మజీవుల్ని పెంచుతాం. అడుగునుంచి బ్లోయర్లు గాలి ఊదుతుంటే, కంటికి కనిపించని ప్రాణులు కోటానుకోట్లు ఆ నూనెను తిని బతుకుతాయి. అవన్నీ కలిసి ఒక గోధుమరంగు బురదలా కనిపిస్తాయి. ఆరోగ్యంగా ఉంటే ఆ బురద తొలకరి పడ్డ మట్టి వాసన వేస్తుంది. చివర ఆ బురదలోంచి నీళ్లను వేరుచేయడానికి సన్నటి పోగుల పొరలు ఉంటాయి. చూడడానికి సేమియా కట్టల్ని నిలువుగా వేలాడదీసినట్టుంటాయి. పోగుపోగుకూ రంధ్రాలు. పంపు లాగితే నీళ్లు లోపలికి వెళ్తాయి, బురద బయటే ఉండిపోతుంది.

ప్రాణులు నూనె తినకపోతే పొరలు మూసుకుపోతాయి. పొరలు అడ్డులేకపోతే ప్రాణులు నీళ్లతో పాటు కొట్టుకుపోతాయి. ఒకదాన్ని నమ్ముకుని ఒకటి బతికే కాపురం అది. అన్ని కాపురాల్లాగే సవ్యంగా నడుస్తున్నంతకాలం ఎవరికీ పట్టదు.

పట్టేది ఒక్క మనిషికి. మా నీళ్లు గొట్టంలోంచి గెడ్డలో పడతాయి. గెడ్డంటే వాగు అని పేరే గాని, వానలు వెళ్లిపోయాక అందులో పారేవి మా నీళ్లే. ఆ గెడ్డను ఆనుకుని ఒకావిడ పొలం ఉంది. భర్త అరసవల్లి గుడి దగ్గర ఆటో నడుపుతాడు, వ్యవసాయం ఆవిడదే. నాకంటే పెద్దది. మా వైపు అక్కను పిలిచినట్టు నేను అప్పా అంటాను, ఆవిడ బాబూ అంటుంది. పొలం కాలవ చిట్టచివర ఉంది. కాగితాల మీద దానికి కాలవ నీళ్లు వస్తాయి. మా ప్లాంటు కట్టిన ఏడు గేటు దగ్గరికొచ్చి, కంపు నీళ్లు వదుల్తారా అని మమ్మల్నందరినీ వరసపెట్టి తిట్టి వెళ్లింది. మరుసటేడు వచ్చి, నీళ్లు ఏ వేళకు వదుల్తారని అడిగింది. గెడ్డ ఒడ్డున ఆయిలింజను పెట్టుకుంది. మా ప్లాంటుకు అంతకంటే పెద్ద ప్రశంసాపత్రం ఇంకోటి రాలేదు.

ఆ ఫోను వచ్చిన ఏడు వానలు ముందే సర్దుకున్నాయి. ఉబాలు, అంటే నాట్లు, ఎలాగో పడ్డాయి. దసరా నాటికి ఆవిడ వరి పొట్ట మీద ఉంది. ఆ దశలో నీళ్లు తప్పితే వెన్ను బయటికి వస్తుంది గాని అందులో గింజ ఉండదు. ఆ పైరుకు మిగిలిన దిక్కు మా గొట్టం ఒక్కటే.

నేను వెళ్లేసరికి ఫ్యాక్టరీ పెళ్లివారిల్లులా ఉంది. గేటుకు మామిడాకులు, బంతిపూల దండలు, మోటారు మోటారుకూ పసుపు, కుంకుమ. గుమ్మడికాయ ముక్కలు తొక్కకుండా నడుస్తూ నా తొట్టి దగ్గరికి వచ్చాను. మట్టి వాసన లేదు. ఈతకొలను వాసన వస్తోంది. పొరల తొట్టి నిండి అంచు మీంచి పొర్లిపోయిన ఆనవాళ్లు గోడమీద తెల్లగా కట్టాయి. రాత్రంతా అలా పొర్లి ఎంత గెడ్డలోకి పోయిందో ఎవరూ చూడలేదు.

ఆపరేటరు కొత్త చొక్కాలో ఉన్నాడు. పక్కన ఫిట్టరు. పెద్దాయన, ఫ్యాక్టరీ మొత్తానికి మావ.

"ఏం చేశారు?" అన్నాను.

"ఏటీ సెయ్లేదండి. కడిగినామంతే," అన్నాడు ఆపరేటరు.

"ఏది?"

"అన్నీనండి."

ఆయుధపూజకు ముందు కడగడం మాకు ఆచారం. ఇంట్లో కత్తిపీట నుంచి వీధిలో ఆటో దాకా కడగనిది ఉండదు. ఫ్యాక్టరీలో అదే పని కాస్టిక్ సోడాతో, ఫినాయిల్‌తో చేశారు. శుద్ధి విభాగం నేల, గోడలు, గొట్టాలు, అన్నీ. ఆ కడిగిన నీళ్లన్నీ ఎక్కడికి వస్తాయో వేరే చెప్పనక్కర్లేదు. అంతవరకైతే నా ప్రాణులు ఎలాగో ఓర్చుకునేవేమో. కాని అందరూ అన్నీ కడిగాక, కడగనిది ఒక్కటే మిగిలింది.

"మిషన్లన్నీ తళతళలాడతన్నాయి. మన తొట్టొక్కటే నురగతోటి, బురదతోటి ఉన్నాది. అమ్మోరి ముందర అదేటి బాగుంటాది సార్? పరువు తక్కువ కాదా?" అన్నాడు.

"అందుకని?"

"బ్లీచింగు నీళ్లు పోసినామండి."

"ఎంత?"

"ఉన్నయ్యన్నీ."

మావ అందుకున్నాడు. "నెలకోపాలి ఆ పొరల్ని నువ్వే కదా బాబూ ఆ మందుతోటి కడిగిస్తావు? పొరలకి మంచిదైనాది తొట్టికి సెడ్డదెలగవుద్ది?"

పొరల్ని విడిగా తీసి, వేరే తొట్టెలో ముంచి, కడిగి, మంచినీళ్లతో జాడించి మళ్లీ పెడతామన్నది అతనికీ తెలుసు. కాని మందు మందే. తల్లికి వేసిన మాత్ర పిల్లకు వెయ్యకూడదని డాక్టరు చెప్పినా, సగం విరిచి వేసే దేశం మనది.

"ఈ తొట్టిలో ఏమీ పొయ్యకూడదని బోర్డు పెట్టాను కదా?" అన్నాను.

"బోర్డుకే కదండి అరటిబోద కట్టినాం," అన్నాడు ఆపరేటరు. "కట్టడానికి అదే అనువుగున్నాది."

చూశాను. అరటిబోద చక్కగా నిలబడింది. దాని ఆకుల వెనక 'పోయరాదు' అన్న అక్షరాల్లో 'దు' మాత్రం కనిపిస్తోంది. తిట్టడానికి నోరు తెరిచి, బ్లోయరు నుదుటన గంధం మీద శ్రద్ధగా దిద్దిన బొట్టు చూసి మూసుకున్నాను. అంత ప్రేమగా చేసిన పనిని తిట్టడం ఎవరూ నేర్పలేదు నాకు.

గాజు జాడీలో తొట్టి నీళ్లు పట్టి పక్కన పెట్టాను. మామూలుగా బురద కాసేపటికి అడుక్కు దిగుతుంది, పైన నీళ్లు తేరుతాయి. ఆ రోజు ఏదీ దిగలేదు. బూడిదరంగులో అలాగే మసగ్గా నిలబడింది. ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఆరోగ్యంగా ఉన్న నీటిలో చిన్నచిన్న గంటల్లాంటి జీవులుంటాయి. సన్నటి కాడల మీద నిలబడి, కాడను స్ప్రింగులా ముడుస్తూ చాపుతూ ఎప్పుడూ ఊగుతుంటాయి. పనిలేని మధ్యాహ్నాలు నేను వాటిని చూస్తూ గడిపేవాణ్ణి. కొందరు సెల్‌ఫోను చూస్తారు. ఇప్పుడు కాడలు ఉన్నాయి, గంటలూ ఉన్నాయి. ఏదీ ఊగడం లేదు.

ఆపరేటరును చూడమన్నాను. ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు.

"నిద్రోతన్నాయేటండి?"

"లేదు."

అతను కన్ను తీయలేదు. "ఎన్నుంటాయండి?"

"లెక్కపెట్టలేం."

స్టూలు మీంచి లేచి, తొట్టి గట్టు మీద కొత్త చొక్కాతోనే కూలబడ్డాడు. "పండగ పూట..." అని ఆగిపోయాడు. మావ భుజంమీది తువ్వాలు తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక మళ్లీ భుజంమీదే వేసుకున్నాడు. పండగ బూరెల డబ్బా ఎవరో తెచ్చి మా మధ్య పెట్టి వెళ్లారు. ఎవరం ముట్టలేదు.

నూనె నీళ్లను నిలవ చెరువుకు మళ్లించాం. గెడ్డలోకి వెళ్లే వాల్వు మూసే ఉంది. మూసి ఉన్న వాల్వును తెరవడం ఎంత సులువో నాకు తెలుసు కాబట్టి దాని చక్రం ఊడదీసి స్కూటరు డిక్కీలో పడేశాను. కొన్నాళ్లపాటు కూరగాయలు తెచ్చినప్పుడల్లా మా ఆవిడ ఆ ఇనపచక్రాన్ని పక్కకు జరిపి సంచీ పెట్టేది. ఒక్కసారి కూడా ఇదేమిటని అడగలేదు. నన్ను చేసుకున్నాక ఆవిడ ప్రశ్నలు తగ్గించుకుంది.

ప్రొడక్షను మేనేజరు గోదావరి అవతలి మనిషి. చెడ్డవాడు కాదు. నీళ్లు ఎక్కడైనా ఉంటాయనుకునే ప్రాంతంలో పుట్టాడు, అంతే.

"తవుడు నిలవుంటే పుల్లబడిపోద్దయ్యా. ఆపడం కుదరదు," అన్నాడు.

"చెరువు నిండేదాకా ఆపక్కర్లేదు సార్."

"నిండాక?"

"ఆపాలి."

"కొంచెం కొంచెం గెడ్డలోకి వదిలేస్తే? ఎండిపోయిన గెడ్డ. ఎవరు చూస్తారు?"

"ఒకావిడ చూస్తుంది సార్."

"ఎవరు, పొల్యూషన్ బోర్డా?"

"కాదు సార్. వరి వేసింది."

ఆయన తవుడు లెక్కల పుస్తకం ముందుకు లాక్కున్నాడు. తర్వాత వాల్వు చక్రం సంగతి ఎవరో ఆయన చెవిన వేశారట. అయినా నన్ను అడగలేదు. ఆ మర్యాద నేను మరచిపోలేదు.

పొలం ఆవిడ ఆ సాయంత్రమే వచ్చింది. గొట్టం దగ్గర నిలబడి లోపలికి తొంగిచూస్తోంది.

"బాబూ, గొట్టం ఎండిపోనాదేటి?"

"పురుగులు చచ్చిపోయాయి అప్పా."

"ఏ పురుగులు?"

"నీళ్లు బాగుచేసేవి. నూనె తినేవి."

"ఎలగ సచ్చిపోనాయి?"

"పండక్కి తొట్టి కడిగారు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మా సేలో పురుగులకి ఎంత మందు కొట్టినా సావవు. మీ కాడ కడిగితే సచ్చిపోనాయా?"

నవ్వు వచ్చింది. ఆవిడ నవ్వడం లేదని చూసి మానుకున్నాను.

"బేగి పుట్టించండి మరి. పైరు పొట్ట మీదున్నాది."

"పుడతాయి. టైము పడుతుంది."

"ఎన్నాళ్లు?"

"మీ పైరు ఆగేదానికంటే ఎక్కువే పట్టొచ్చు అప్పా."

ఆవిడ కొంగు బిగించి గట్టు మీద కూర్చుంది. నిలవ చెరువు వైపు చెయ్యి చూపించింది. "అల్లవిగో, అన్ని నీళ్లున్నాయి కదా. ఆటినే ఒగ్గేయ్ బాబూ. నూనైతే ఏటి? తవుడు నూనే కదా? తవుడంటే ఏటి, వరే కదా? వరిలోంచి వొచ్చిందే వరికి పోతాది."

ఏ కాలేజీలోనూ నాకు అంత సూటిగా ఎవరూ ప్రశ్న వేయలేదు. నూనె ఒక్కటే కాదనీ, అందులో సబ్బు, కాస్టిక్, బ్లీచింగు ఉన్నాయనీ, ఆ జిడ్డు మడిలో పరుచుకుంటే వేళ్లకు ఊపిరి ఆడదనీ, మట్టి బిగిసిపోతుందనీ చెప్పాను. ఈ పంటే కాదు, వచ్చే పంట కూడా పాడవుతుందని చెప్పాను.

"ఈ పంట లేకపోతే వొచ్చే పంట ఎవులికి బాబూ?" అంది.

వాల్వు తెరవలేదు. అది సరైన పనేనని పుస్తకాలు చెబుతాయి. పుస్తకాలు రాసినవాళ్లెవరూ ఆ గట్టు మీద కూర్చోలేదు.

ఫ్యాక్టరీ బోరు నీళ్లు వదలమని మేనేజరును అడిగితే ఒక పూట వదలనిచ్చాడు. ఎండిన గెడ్డ ఇసుక ఆ నీళ్లను ఆవిడ ఇంజను దాకా రానిస్తేగా. పైపులు వేద్దామన్నాం. పొలానికీ మాకూ మధ్య ఎవరెవరి మడులో ఉన్నాయి. వాళ్లలో ఒకాయనకు ఆవిడతో గట్టు తగాదా. ఆ పైపు మాట అక్కడే ఎండిపోయింది.

మిగిలింది పురుగుల్ని మళ్లీ బతికించడం. తొట్టిలో మిగిలిన బ్లీచింగును విరవడానికి ఒక ఉప్పు కలిపాం. కొత్త బురద కోసం విజయనగరం అవతల ఒక పాల ఫ్యాక్టరీలో నాలాంటి ఉద్యోగమే చేసే మిత్రుణ్ణి అడిగాను. వాళ్ల ప్రాణులు వెన్న తింటాయి, మావి నూనె తింటాయి. దగ్గరి చుట్టాలే, త్వరగా అలవాటు పడతాయి. తొట్టి నిండుగా కాకపోయినా ఒక ట్యాంకరు ఇస్తానన్నాడు. ట్యాంకరు పొద్దున బయల్దేరింది. గాలి ఆడని ట్యాంకరులో ఆ ప్రాణులు ఎక్కువసేపు ఉండలేవు, ఎక్కడా ఆగొద్దని డ్రైవరుకు చెప్పి పంపాడు నా మిత్రుడు.

ఆ రోజు విజయనగరంలో సిరిమాను, ఊరు ఊరంతా రోడ్డెక్కే అమ్మవారి జాతర.

ఫోను చేస్తే డ్రైవరు ఎత్తడం లేదు. మధ్యాహ్నం దాటాక ఎత్తాడు. వెనక డప్పులు, జనం.

"ఎక్కడున్నావయ్యా?"

"సిరిమాను తిరగతన్నాది సార్! కదల్డానికి నేదు!"

"బైపాసులో రమ్మన్నారు కదా?"

"మొక్కున్నాదండి," అన్నాడు, దాంతో చర్చ అయిపోయినట్టు.

అయిపోయింది కూడా. అమ్మవారి దగ్గర మొక్కున్న మనిషికి సూక్ష్మజీవుల ఊపిరి గురించి ఏం చెబుతాం? మర్నాడు వచ్చి ట్యాంకరు మూత తీస్తే కుళ్లిన గుడ్ల వాసన గుప్పుమంది. బురద నల్లబడింది. సగానికి పైగా పోయాయి. డ్రైవరు నాకు ప్రసాదం పెట్టాడు. కళ్లకద్దుకుని తిన్నాను. బాగుంది.

ఉన్నదాన్నే తొట్టిలో పోసి గాలి పెట్టాం. కొత్తగా బురద కట్టడానికి పేడ, బెల్లం వెయ్యాలి. ఆపరేటరు ఇంట్లోంచి బెల్లం దిమ్మ తెచ్చాడు. ఎవరూ తెమ్మనలేదు. స్టోర్సులో బెల్లం ఉందయ్యా అంటే, "ఇది నాది సార్," అన్నాడు. చెయ్యి కడుక్కుని, చెప్పులు విప్పి, తొట్టి గట్టెక్కి ఒక్కో ముక్కా విరిచి వేశాడు. ఆ తర్వాత కొన్నాళ్లు అతను ఆ గట్టు చెప్పులతో ఎక్కలేదు.

పేడ ఆవిడ తెచ్చింది. పేడ కావాలని అతనెప్పుడో ఆవిడతో అన్నాడట. నెత్తిమీద గంపతో గేటు దాటి వచ్చింది. వాచ్‌మన్ ఆపబోయి, గంపలో ఏముందో చూసి ఆగిపోయాడు.

"ఎందుకప్పా నువ్వు మొయ్యడం? మేం తెప్పించుకుంటాం కదా," అన్నాను.

"గత్తానికి ఉంచిన పేడ ఇది. సేలో ఎయ్యాల్సింది," అంటూ గంప దించింది. "నీ తొట్టిలో ఏస్తన్నాను. ఏదోలాగ నీళ్లిప్పించు."

బకెట్లో పేడ కలిపి వడగట్టి పోశాం. ఆవిడ తొట్టిలోకి వంగి చూసింది. గాలి బుడగలు కిందనుంచి తెల్లగా పొంగుతున్నాయి.

"ఊపిరి తీస్తన్నాయా?"

"అది మనం ఊదే గాలి అప్పా. వాటిది కాదు."

"మరి ఆటిది ఎప్పుడు?"

ఆ తర్వాత ఆవిడ రోజూ వచ్చింది. ఇంజను దగ్గరికి వెళ్తూ ఒకసారి, తిరిగి వెళ్తూ ఒకసారి, ప్రహరీ అవతల నిలబడి కేక వేసేది. "బాబూ, లేసినాయా?" నేను లేదని చెయ్యి ఊపేవాణ్ణి. ఆస్పత్రి బయట బంధువులు అడిగినట్టు అడిగేది. లోపల పేషెంటు నాది, బయట పేషెంటు ఆవిడది. రెంటికీ ఒకటే సెలైను.

నిలవ చెరువు నిండింది. మేనేజరు ఎవరికో ఫోనులో పెద్దగా చెప్పి, శుద్ధి విభాగం తనే ఆపించాడు. తవుడు గోదాములో పుల్లబడింది. ఆకాశం వైపు చూడని మనిషి లేడు ఆ రోజుల్లో. మబ్బు కళింగపట్నం మీదుగా సముద్రం వైపు నుంచి వచ్చేది, చూసి పోయేది.

ఒక ఉదయం తొట్టి దగ్గరికి వెళ్తే ఏదో తేడా తెలిసింది. ఏమిటో పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. మట్టి వాసన. చాలా సన్నగా, పక్కవీధిలో వాన పడ్డట్టు. నేను చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, ఆపరేటరును పిలిచి ముందు అతన్నే చూడమన్నాను.

చూశాడు. లెన్సు తిప్పాడు. మళ్లీ చూశాడు.

"సార్. ఊగతన్నాది. సార్, ఒకటి ఊగతన్నాది!"

కేక విని మావ వచ్చాడు, బాయిలరు వాళ్లు వచ్చారు. ఒక్కొక్కరే కన్ను పెట్టి చూశారు. కంటికి కనిపించనంత జీవి ఒకటి కాడ ముడిచి చాపుతుంటే, ఎదిగిన మగాళ్లు వరసలో నిలబడి చూసుకున్నారు. మావ చూసి, "ఒరే, ఇదేట్రా, తల్లో పేనంత కూడా నేదు," అంటూ మళ్లీ కన్ను పెట్టాడు.

ఒకటి ఊగినంత మాత్రాన నీళ్లు రావు. పొరల్ని తీసి, కడిగి, జాడించి, మళ్లీ వేలాడదీసి, నూనె నీళ్లు కొంచెం కొంచెంగా తినిపిస్తూ, పంపును మెల్లగా లాగిస్తూ మరికొన్ని రోజులు గడిపాం. తొందరపెడితే పొరలు మళ్లీ మూసుకుపోతాయి. రోజూ ప్రహరీ అవతలి నుంచి కేక వినిపించేది. తర్వాత తర్వాత రోజుకు ఒక్కసారే వినిపించేది. తర్వాత కేక మానేసి నిలబడి చూసి వెళ్లేది.

నీళ్లు తేటగా వచ్చిన రోజు డిక్కీలోంచి చక్రం తీసి వాల్వుకు బిగించి తిప్పాను. నీళ్లు గెడ్డలో పడ్డాయి. ఇసుక ముందు తాగాల్సింది తాగి, ఆ పైన దారి ఇచ్చింది. ఆవిడ ఇంజను చప్పుడు ప్లాంటు దాకా వినపడింది. ఆపరేటరు పరుగెత్తినంత పనిచేసి పొలం గట్టుకు వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను.

ఆవిడ గట్టు తెగ్గొట్టి మడిలోకి నీళ్లు మళ్లిస్తోంది. మమ్మల్ని చూసి పార ఆపలేదు. నేను పైరు వైపు చూశాను. వెన్నులు బయటికి వచ్చాయి. గింజ పట్టిన వెన్ను వంగుతుంది. అవి నిటారుగా నిలబడ్డాయి, తెల్లగా. గాలికి ఊగుతున్నాయి, బరువేమీ లేనట్టు. మడి మధ్యలో లోతట్టున ఉన్న ముక్క మాత్రం కొంచెం వంగింది.

"నీళ్లొచ్చినాయి కదప్పా," అన్నాడు ఆపరేటరు.

"వొచ్చినాయి," అంది ఆవిడ. పార పని ఆపలేదు.

ప్లాంటును త్వరగా నిలబెట్టినందుకు హెడ్డాఫీసు నుంచి మాకు అభినందనలు వచ్చాయి. ఆవిడకు ఏదైనా ఇవ్వాలన్న మాట ఒక మీటింగులో నేనే ఎత్తాను. మాకూ పంటకూ సంబంధం ఉందని ఒప్పుకున్నట్టవుతుందని ఎవరో అన్నారు. ఆ మాట మినిట్సులో రాలేదు. మళ్లీ ఎత్తాను. మళ్లీ రాలేదు. తొట్టి చుట్టూ కంచె మాత్రం వేయించారు, తాళంతో సహా. తాళం మీద ఇప్పటికే ఎవరో పసుపు రాశారు.

కోతలయ్యాక ఆవిడ కళ్లంలో తూర్పార పడుతుంటే వెళ్లాం. గాలి బాగా వీస్తోంది. చేటలోంచి పోసిందల్లా నేలకు రాకుండా పక్కకు ఎగిరిపోతోంది. ముందున్న కుప్ప చిన్నది, పక్కకు కొట్టుకుపోయిన తాలు కుప్ప పెద్దది. భర్త ఆటోను చెట్టు కింద ఆపి బస్తాలు సర్దుతున్నాడు. తెచ్చిన బస్తాల్లో చాలావాటిని మడతపెట్టి మళ్లీ ఆటోలోనే పెట్టేశాడు.

ఆపరేటరు ఒక సీసాలో మా నీళ్లు పట్టి తెచ్చాడు. వద్దని దారిలో చెప్పి చూశాను. అతనికి అది చూపించి తీరాలి.

"సూడప్పా, ఎంత తేటగున్నాయో," అన్నాడు. "ఇప్పుడు పురుగులు బాగున్నాయి. ముందుకంటే బాగున్నాయి."

ఆవిడ చేట దించింది. సీసా తీసుకుని వెలుగుకు ఎత్తి చూసింది. నిజంగానే తేటగా ఉన్నాయి. మూత తీసి, ఆ నీళ్లతో చేతులకున్న దుమ్ము కడుక్కుంది. మిగిలినవి మొహం మీద చల్లుకుంది. ఖాళీ సీసా అతనికి ఇచ్చేసి, కొంగుతో తుడుచుకుంటూ నా వైపు తిరిగింది.

"మల్లీ కడిగే ముందర ఓ మాట సెప్పండి బాబూ. ఆ ఏడు నాను ఉబాలు మానేస్తాను."